సగటు తగ్గలేదు, జంతువులు తగ్గాయి: ఒక నగర విస్తరణ కేస్ స్టడీ

ఒక మధ్యస్థాయి నగరం రాబోయే ఇరవై ఏళ్లకు విస్తరణ ప్రణాళిక వేసుకుంటున్నప్పుడు మా బృందం దగ్గరకు వచ్చిన పని ఇది. నగరం పేరు, దేశం, అక్కడి జంతువుల జాతులు ఇక్కడ చెప్పడం లేదు. జాతి పేరు చెబితే తెలిసినవాళ్లకు ఊరు తెలిసిపోతుంది. ఊరు తెలిస్తే ఎవరి నివేదికలో ఏ లోపం ఉందన్న చర్చ మొదలై అసలు విషయం పక్కకు పోతుంది. అంకెల విషయంలోనూ అంతే. సూత్రాల నుంచి ఎవరైనా లెక్కగట్టుకోగలిగినవి, ప్రచురిత అధ్యయనాల్లో ఉన్నవి మాత్రమే ఇస్తున్నాను.

నేపథ్యం

నగరం ఒకవైపు కొండలకు ఆనుకుని ఉంది. కొండల మీద దట్టమైన అడవి. దాని కింద పొదలు, తర్వాత విశాలమైన గడ్డినేల, అక్కడక్కడ సాగు మానేసిన బీళ్లు. కొండల్లో పుట్టిన వాగు ఈ గడ్డినేల మీదుగా పారి, నగరం అంచును తాకుతూ పోయి, అవతలి వైపున్న చిత్తడి నేలల్లో కలుస్తుంది. అడవికి చట్టపరమైన రక్షణ ఉంది. గడ్డినేలకు లేదు. ప్రణాళికా విభాగం పటాల్లో దానికి వేసిన రంగు ఖాళీ భూమి రంగే.

ప్రణాళికలో ప్రధానమైనది ఒక చుట్టు రహదారి. దాని వెంట ఇళ్ల స్థలాలు, గిడ్డంగులు, కొంత దూరంలో ఒక చెట్ల పట్టీ. దీనికి ప్రత్యామ్నాయంగా నగరం లోపల ఖాళీగా ఉన్న స్థలాలను నింపుతూ దగ్గర దగ్గరగా కట్టుకుంటూ పోయే ప్రతిపాదన కూడా ఒకటి ఉంది. దాని మీద ఎవరికీ పెద్దగా ఆసక్తి లేదు.

మా ముందుకు వచ్చిన సమస్య

ప్రణాళికా విభాగం అప్పటికే ఒక సంస్థతో ఆవాస నాణ్యత, అంటే ఒక చోటు జంతువులు బతకడానికి ఎంత అనువుగా ఉందన్న దాని అంచనా వేయించింది. ఆ నివేదిక సారాంశం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: విస్తరణ తర్వాత ప్రాంతం మొత్తం మీద ఆవాస నాణ్యత సగటు స్కోరు దాదాపు మారదు. మరోవైపు క్షేత్రంలో తిరిగే సిబ్బంది, పక్షులను గమనించే స్థానికులు చెబుతున్నది దీనికి పూర్తి విరుద్ధం. రహదారి పనులు మొదలుకాక ముందే, కేవలం సర్వే రాళ్లు పాతి మట్టి రోడ్లు వేసిన చోట్ల కూడా కొన్ని జంతువులు కనిపించడం మానేశాయన్నది వాళ్ల మాట.

రెండింటికీ పొంతన లేదు. ఎవరు చెప్పేది నిజమో తేల్చమని మమ్మల్ని అడిగారు. ఆ ప్రశ్నను అదే రూపంలో తీసుకోవడానికి మేము ఒప్పుకోలేదు. ఎవరో ఒకరిది తప్పని మొదటే అనుకుంటే, ఇద్దరూ వేర్వేరు విషయాలను కొలుస్తున్నారన్న అవకాశం మరుగున పడుతుంది. నివేదిక కొలిచింది నేల కప్పును, అంటే పై నుంచి చూస్తే నేల మీద ఏముందో దాన్ని. సిబ్బంది చెబుతున్నది జంతువుల ఉనికిని. ఈ రెంటికీ మధ్య ఎంత దూరం ఉందో, అది ఎందుకు వచ్చిందో తేల్చడం మా పనిగా రాసుకుని ఒప్పందం మీద సంతకం పెట్టాం.

పాత నివేదికను విప్పి చూస్తే

ఆ సంస్థ వాడింది ఇన్‌వెస్ట్ అనే కంప్యూటర్ నమూనా. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా నడిచే నేచురల్ క్యాపిటల్ ప్రాజెక్ట్ దీన్ని ఉచితంగా అందిస్తోంది. ప్రపంచమంతటా ఇలాంటి పనులకు ఎక్కువగా వాడుతున్న పరికరాల్లో ఇదొకటి. దీని తర్కం సరళం. నేల కప్పులో ప్రతి రకానికీ సున్నా నుంచి ఒకటి దాకా ఒక ఆవాస యోగ్యత విలువ ఇస్తాం. రోడ్లు, ఇళ్లు, పరిశ్రమల వంటి ఒత్తిళ్లకు ఒక్కొక్క దానికి బరువు, అది ఎంత దూరం దాకా పనిచేస్తుందన్న గరిష్ఠ దూరం, దూరం పెరిగేకొద్దీ ఎలా తగ్గుతుందన్న తీరు ఇస్తాం. ప్రతి పిక్సెల్‌కూ, అంటే పటంలోని ప్రతి చిన్న చదరానికీ, మొత్తం ఒత్తిడి లెక్కగట్టి, దాన్నిబట్టి యోగ్యతను తగ్గించి నాణ్యత స్కోరు ఇస్తుంది.

పరికరంలో లోపం లేదు. లోపం ఎక్కడ దూరుతుందంటే మనం నింపే పట్టికల్లో. ఈ కేసులో మూడు చోట్ల దూరింది.

మొదటిది అర్ధ సంతృప్త స్థిరాంకం. ఒత్తిడి ఎంత ఉంటే నాణ్యత సగానికి పడిపోతుందో నిర్ణయించే సంఖ్య అది. ప్రాంతంలో కనిపించే గరిష్ఠ ఒత్తిడిలో సగాన్ని దీనికి విలువగా పెట్టుకోవడం మామూలు పద్ధతి. ఒకసారి పెట్టాక అన్ని ప్రత్యామ్నాయాలకూ అదే విలువ వాడాలి. పాత నివేదికలో ప్రస్తుత స్థితికి ఒకసారి, భవిష్యత్ స్థితికి మరోసారి విడివిడిగా లెక్కగట్టారు. దీని ఫలితం కాగితం మీదే తేల్చవచ్చు. సూత్రంలో ఘాతాంకం 2.5. గరిష్ఠ ఒత్తిడి స్థిరాంకానికి సరిగ్గా రెట్టింపు కాబట్టి అక్కడ మిగిలే నాణ్యత, యోగ్యతలో 15 శాతం. అంటే ప్రాంతంలో అన్నిటికన్నా దెబ్బతిన్న పిక్సెల్‌కు నేడూ 15 శాతమే, ఇరవై ఏళ్ల తర్వాత ఒత్తిడి మూడు రెట్లయినా 15 శాతమే. కొలబద్దే సాగిపోతుంటే పొడవు మారనట్టే కనిపిస్తుంది.

రెండోది సగటు. అధ్యయన ప్రాంతంలో రక్షిత అడవి విస్తీర్ణం చాలా పెద్దది. అక్కడికి ఏ రోడ్డూ పోవడం లేదు. మార్పంతా గడ్డినేల, వాగు వెంట ఉన్న సన్నటి పట్టీలో జరుగుతోంది. అంత పెద్ద అడవిలో కలిపి సగటు తీస్తే ఆ పట్టీ మొత్తం తుడిచిపెట్టుకుపోయినా దశాంశాల్లోనే తేడా వస్తుంది. సరిహద్దును ఎక్కడ గీయాలో తేల్చుకోవడమే సగం ఫలితాన్ని నిర్ణయించడం అన్నమాట. ఎవరూ కావాలని చేశారని అనడం లేదు. పరిపాలనా సరిహద్దు అలా ఉంది, దాన్నే వాడారు.

మూడోది రాత్రి వెలుతురు. పట్టణ ఒత్తిడికి సూచికగా ఉపగ్రహం తీసిన రాత్రి వెలుతురు చిత్రాలను వాడారు. అధ్యయన కాలంలో నగరం వెలుతురు తగ్గినట్టు ఆ చిత్రాల్లో వచ్చింది. కారణం తెలిస్తే నవ్వొస్తుంది. ఆ మధ్యకాలంలో వీధిదీపాలను సోడియం నుంచి ఎల్‌ఈడీకి మార్చారు. ఇప్పుడు ఎక్కువగా వాడే, ఉపగ్రహం మీది వీఐఐఆర్ఎస్ అనే రాత్రి సెన్సర్ పట్టుకునేది సుమారు 500 నుంచి 900 నానోమీటర్ల మధ్య కాంతిని. తెల్లటి ఎల్‌ఈడీ వెదజల్లే నీలి కాంతి శిఖరం 450 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. అది ఆ సెన్సర్‌కు కనిపించదు. పాత సోడియం దీపం పసుపు వెలుగు 589 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, అది చక్కగా కనిపిస్తుంది. కీటకాలనూ, రాత్రి తిరిగే చాలా జీవులనూ ఎక్కువగా కలవరపెట్టేది పొట్టి తరంగాల కాంతే. ఉపగ్రహం కంటికి చీకటి పడుతుంటే నేల మీద నీలి వెలుగు పెరుగుతోంది.

మొదట ప్రయత్నించినవి, వాటి గతి

ఈ లోపాలు సవరించి నమూనాను మళ్లీ నడపడం సులువైన దారి. స్థిరాంకాన్ని ఒకటే ఉంచాం, వెలుతురు చిత్రాలను తీసేశాం. స్కోరు కొంత తగ్గింది. కానీ సిబ్బంది చెబుతున్న ఖాళీలు పటంలో కనిపించలేదు. అందువల్ల రెండో అడుగుగా ఒత్తిళ్ల జాబితాను పెంచాం: పెద్ద రోడ్లు, మట్టి రోడ్లు, గిడ్డంగులు, విద్యుత్ లైన్లు, చెత్త కుప్పలు, క్వారీ. జంతువులకు నిజంగా ఎదురయ్యే ఇబ్బందులన్నీ లెక్కలో ఉంటే పటం వాస్తవానికి దగ్గరవుతుందన్నది మా వాదన.

ఫలితం తిరగబడింది. జాబితా పెరిగేకొద్దీ చాలా చోట్ల స్కోరు మెరుగైంది. ఈ నమూనాలో ప్రతి ఒత్తిడి బరువునూ మొత్తం బరువుల కూడికతో భాగిస్తారు. ప్రాంతంలో ఒక మూలన మాత్రమే ఉన్న క్వారీని జాబితాలో చేర్చితే, క్వారీ లేని చోట్ల కూడా రోడ్డు వాటా తగ్గుతుంది. ఎంత నిజాయితీగా వివరాలు చేరిస్తే అంత పలచబడుతుంది. ఇది సూత్రం చూస్తే తెలిసే విషయమే. అయినా వివరాలు ఎక్కువుంటే నమ్మకం ఎక్కువన్న భావన ఎంత బలమైనదంటే, సమావేశాల్లో ఈ పొడవాటి జాబితాను వదులుకోవడానికి చాలామంది ఇష్టపడలేదు. చివరకు క్షేత్రంలో ప్రభావం రుజువైన నాలుగు ఒత్తిళ్లకే పరిమితం కావాలని పట్టుబట్టాం.

దూరాల విషయంలో నిపుణుల అభిప్రాయం అడిగాం. తలా ఒక మాట. ఇళ్ల ప్రభావం కొన్ని వందల మీటర్లన్నవారు ఉన్నారు, కొన్ని కిలోమీటర్లన్నవారూ ఉన్నారు. తగ్గే తీరు మీద కూడా ఏకాభిప్రాయం లేదు. అది చిన్న విషయం కాదు. గరిష్ఠ దూరం ఒక కిలోమీటరు అనుకుంటే, సరళ రేఖలో తగ్గితే అర కిలోమీటరు దగ్గర సగం ప్రభావం మిగులుతుంది. ఘాతీయంగా, అంటే మొదట వేగంగా తర్వాత నెమ్మదిగా తగ్గితే, 22 శాతమే మిగులుతుంది. ఒకే ఇల్లు, ఒకే గడ్డినేల, రెండు వేర్వేరు తీర్పులు. సగటు అభిప్రాయం తీసుకుని ముందుకు పోవచ్చు, చాలామంది అదే చేస్తారు. అలా చేస్తే ఎవరూ నమ్మని సంఖ్య ఒకటి తయారవుతుంది కాబట్టి మేము క్షేత్రంలో కొలవడానికి నిర్ణయించాం.

కొలవడం అంటే ఏమిటన్నది తర్వాతి చిక్కు. నగరం అంచు నుంచి కొండ దాకా గీసిన వరుసల వెంట పక్షులను లెక్కపెట్టి, ఎక్కువ ఉన్నచోట నాణ్యత ఎక్కువ అనుకోవడం మొదటి ఆలోచన. తొలి ఫలితాల్లో నగరం అంచునే పక్షుల సంఖ్య ఎక్కువ వచ్చింది. ప్రణాళికా విభాగం సంబరపడింది. కానీ జాతులవారీగా విడదీస్తే ఆ పెరుగుదలంతా ఎక్కడైనా బతికే రెండు మూడు రకాలది. మిగతావి ఆ అంచులో దాదాపు లేవు. సాంద్రతను నాణ్యతకు కొలమానంగా తీసుకుంటే మోసపోతామని జీవావరణ శాస్త్రవేత్త బియాట్రిస్ వాన్ హార్న్ 1983లోనే హెచ్చరించారు. మంచి చోటు దక్కని పిల్ల జంతువులు, బలహీనమైనవి చెడ్డ చోట గుమిగూడవచ్చు. అక్కడ తలలు ఎక్కువ కనిపిస్తాయి, సంతానం మిగలదు. కొన్నిసార్లు జీవులే చెడ్డ చోటును మంచిదని ఎంచుకుంటాయి. తారు రోడ్డు మీద పడిన కాంతి నీటి ఉపరితలం మీద పడినట్టే ధ్రువణం చెందుతుంది, అంటే దాని కంపనాలు ఎక్కువగా ఒకే దిశలోకి వస్తాయి. అందుకే మేఫ్లై కీటకాలు నీరనుకుని తారు మీద గుడ్లు పెడతాయి. అక్కడ మేఫ్లైలను లెక్కపెట్టినవారికి రోడ్డే గొప్ప ఆవాసంగా తేలుతుంది.

కాబట్టి లెక్కపెట్టడం మానేసి, ఉందా లేదా అన్న ప్రశ్నకు మారాం. ఒకే చోటును పలుమార్లు చూసి, కనిపించకపోవడాన్నీ లేకపోవడాన్నీ గణితపరంగా వేరుచేసే పద్ధతి ఇది. డారిల్ మెకెంజీ అనే గణాంక శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2002లో దీనికి రూపం ఇచ్చారు. ఇక్కడ అది తప్పనిసరి ఎందుకంటే, నగరం దగ్గరి జంతువులు లేకపోవడం ఒక సంగతి, ఉండి కూడా మనిషి కంట పడకుండా తిరగడం మరో సంగతి. 2018లో వచ్చిన ఒక ప్రపంచస్థాయి విశ్లేషణలో 62 జాతుల క్షీరదాలు మనుషుల అలికిడి ఉన్నచోట రాత్రివేళ సంచారాన్ని సగటున 1.36 రెట్లకు పెంచుకున్నట్టు తేలింది. పగలు మాత్రమే సర్వే చేస్తే ఉన్నదాన్ని కూడా లేదని రాసేస్తాం. జంతువు కదిలితే తమంతట తామే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌లు, రాత్రి శబ్దాల రికార్డర్లు, పగటి నడక సర్వేలు మూడింటినీ కలిపాం.

క్షేత్రం చెప్పింది

ఎక్కువ నష్టం అడవిలో కాదు, గడ్డినేలలో. పాత నివేదిక యోగ్యత పట్టికలో అడవికి అన్నిటికన్నా ఎక్కువ విలువ, గడ్డినేలకు దానిలో సగం కూడా లేదు. చెట్లున్నదే మంచి ఆవాసం అన్న అలవాటు అది. నేల మీద గూడు కట్టే పక్షికి చెట్టు రక్షణ ఇవ్వదు, దాని గుడ్లు తినే పక్షి కూర్చోవడానికి కొమ్మ ఇస్తుంది. అందుకే ఒకే ఆవాస నాణ్యత పటం అన్న ఆలోచనను వదిలేసి, జీవుల గుంపులవారీగా మూడు పటాలు వేశాం: గడ్డినేల పక్షులు, వాగు వెంట తిరిగే చిన్న మాంసాహారి, చిత్తడి నేలల కప్పలు. ఈ మూడింటినీ ఎంచుకోవడంలో ఒక లెక్క ఉంది. ఒకటి విశాలమైన తెరపి నేల కోరుతుంది, ఒకటి తెగని దారి కోరుతుంది, మూడోది నీరూ నిశ్శబ్దమూ కోరుతుంది. ఒకదానికి మేలు చేసే ప్రతిపాదన మరోదానికి కీడు చేస్తే అది దాగకూడదన్నది మా ఉద్దేశం.

ఇళ్ల ప్రభావం ఎంత దూరం అన్న ప్రశ్నకు కుక్కలు జవాబు చెప్పాయి. చిట్టచివరి ఇంటి నుంచి దూరం పెరిగేకొద్దీ చిన్న మాంసాహారి ఉనికి ఎలా మారుతోందో చూస్తే రేఖ ఎగుడుదిగుడుగా వచ్చింది. కానీ చెత్త పోగుపడే చోటు నుంచి దూరాన్ని తీసుకుంటే చక్కగా కుదిరింది. తిండి దొరికే చోట కుక్కలు ఉంటాయి, అక్కడి నుంచి రాత్రుళ్లు గుంపులుగా గడ్డినేలలోకి వస్తాయి. ఇళ్లు పలచగా, చెదురుమదురుగా ఉన్నచోట చెత్త తీసే బండి రాదు కాబట్టి కుప్పలు ఎక్కువ. అందువల్ల ఒక్కో ఇంటి నీడ, అంటే దాని ప్రభావం పడే దూరం, ఎక్కువ. ఒకే సంఖ్యలో ఇళ్లను దగ్గరగా కడితే ఆ నీడలు ఒకదాని మీద ఒకటి పడి మొత్తం చీకటి తగ్గుతుంది. సర్వే రాళ్లు పాతిన చోట్ల జంతువులు మాయమవడానికి కారణం కూడా ఇక్కడే దొరికింది. అక్కడ ఇళ్లు లేవు గానీ కాపలాదారుల గుడిసెలు, వాటి కుక్కలు, రాత్రంతా వెలిగే దీపాలు ఉన్నాయి. ఉపగ్రహ చిత్రంలో అది ఇంకా గడ్డినేలే.

రోడ్డు విషయంలో శబ్దం ముఖ్యమని ముందే అనుమానం ఉంది. అమెరికాలోని ఐడహోలో జరిగిన ఒక ప్రయోగం 2013లో ప్రచురితమైంది. రోడ్డే లేని అడవిలో స్పీకర్లు వరుసగా పెట్టి వాహనాల శబ్దం వినిపించారు. పక్షుల సంఖ్య పావు వంతుకు పైగా తగ్గింది. అక్కడ ఒక్క చెట్టూ కొట్టలేదు, ఒక్క అడుగు తారూ వేయలేదు. నేల కప్పు పటంలో ఈ నష్టం ఏనాటికీ కనిపించదు. మా కప్పల గుంపులో ఇదే తీరు ఎదురైంది. నీరు బాగానే ఉన్న కుంటల్లో, రోడ్డు దగ్గర ఉన్నవాటిలో మగ కప్పల పిలుపులు రాత్రి వాహనాలు తగ్గాకే మొదలవుతున్నాయి. అందుకే రోడ్డును దాని వెడల్పుతో కాక రాత్రి వాహనాల రద్దీతో తూచాం.

ఏం పనిచేయలేదు

మేము లెక్కలు చేస్తుండగానే రహదారి తొలి విడత పనులు నడిచాయి. వాగు రోడ్డును దాటే చోట జంతువుల కోసమని రోడ్డు కింది నుంచి పోయే ఒక పెద్ద కాంక్రీటు అండర్‌పాస్ కట్టారు. చెట్ల పట్టీలో మొక్కలు కూడా నాటారు. రెండూ సదుద్దేశంతో చేసినవే.

అండర్‌పాస్ నోటి దగ్గర జల్లెడ పట్టిన మెత్తటి మట్టిని పరిచి, తెల్లవారాక దాని మీది గుర్తులు చదివేవాళ్లం. చిన్న మాంసాహారి పాదాల అచ్చులు వాగు గట్టు వెంట వచ్చి, లోపలి దీపం వెలుగు నేల మీద పడే గీత దాకా వచ్చేవి. అక్కడ నాలుగైదు అచ్చులు ఒకచోట తొక్కిసలాడినట్టు ఉండి, వచ్చిన దారినే వెనక్కి తిరిగేవి. వాటి మీద కుక్కల అచ్చులు, గోళ్ల గుర్తులతో సహా, లోపలికీ బయటికీ. సాయంత్రం మనుషుల చెప్పుల అచ్చులు కూడా. నిర్వహణ కోసం పెట్టిన దీపాలు రాత్రంతా వెలిగేవి, అవతలి కాలనీకి అది దగ్గరదారి అయింది. లోపల అడుగంతా కాంక్రీటు, దాని మీద ఎప్పుడూ చీలమండ లోతు నీరు. గొట్టం ఎంత వెడల్పుగా ఉందన్నది చూసి ఇంజినీర్లు తృప్తిపడ్డారు. జంతువు చూసేది దాని వెడల్పు కాదు.

చెట్ల పట్టీ కథ ఇంకా చేదు. మొక్కలు ఏపుగా పెరిగాయి, ఉపగ్రహ చిత్రంలో పచ్చదనం సూచిక పెరిగింది, పాత పట్టిక ప్రకారం ఆవాస నాణ్యత స్కోరు పెరిగింది. గడ్డినేల పక్షులు ఆ పట్టీనీ దానికి ఇరువైపులా కొంత మేరనూ వదిలి వెళ్లిపోయాయి. నష్టపరిహారంగా చేసిన పని నష్టాన్ని పెంచింది, కానీ నివేదికలో అది లాభంగా నమోదైంది. మొక్కలు నాటిన విభాగంతో ఈ మాట చెప్పడం ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా కష్టమైన సంభాషణ.

ఏం పనిచేసింది

మొదట వాదన తీరు మార్చాం. సగటు స్కోరు చూపించడం పూర్తిగా మానేశాం. దాని బదులు మూడు గుంపులకూ మూడు పటాలు, ఒక్కోదానిలో ఉపయోగపడే ఆవాసం ఎన్ని ముక్కలుగా ఉంది, వాటిలో అతి పెద్దది ఎంత, ముక్కల మధ్య కదలిక ఎక్కడ ఇరుకవుతోంది అన్నవి చూపించాం. కదలికకు సర్క్యూట్‌స్కేప్ వాడాం. నేలను విద్యుత్ వలయంగా భావించి, ఎక్కడ ప్రవాహం సన్నని దారిలో కిక్కిరిసిపోతుందో చూపే పరికరం ఇది. చిన్న మాంసాహారి పటంలో వాగు మీది ఒకే ఒక్క చోట ఎర్రగా మెరిసింది. చుట్టు రహదారి రెండో విడత సరిగ్గా అక్కడ వాగును దాటుతోంది.

కోరికల చిట్టా ఇవ్వకూడదని ముందే అనుకున్నాం. ప్రణాళికలో పది మార్పులు అడిగితే తేలికైన రెండింటికి ఒప్పుకుని మిగతావి పక్కన పెట్టడం ఆనవాయితీ. అందువల్ల దేనికి దేన్ని వదులుకోవాలో మేమే తేల్చాం. అడవి అంచున ఉన్న గిడ్డంగుల స్థలం మీద అభ్యంతరం విరమించుకున్నాం, ఎందుకంటే మూడు పటాల్లోనూ దాని ప్రభావం తక్కువ. బదులుగా రెండో విడత రోడ్డును వాగు ఇరుకు నుంచి ఎగువకు జరపమని, గడ్డినేల మధ్యలో ఇచ్చిన ఇళ్ల స్థలాలను నగరం లోపలి ఖాళీ స్థలాలకు మార్చమని అడిగాం. ఒకే సంఖ్యలో ఇళ్లను రెండు రకాలుగా పేర్చి, ఒకే స్థిరాంకంతో, ఒకే పట్టికతో వేసిన రెండు పటాలు పక్కపక్కన పెట్టాం. దగ్గరగా కట్టే ప్రతిపాదనకు నీళ్లు, మురుగు, చెత్త సేకరణ ఖర్చు కూడా తక్కువని నగరం ఇంజినీర్లే చెప్పారు. మా పటాలకన్నా ఆ మాటే ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం. రోడ్డు జరిగింది. ఇళ్ల స్థలాల్లో కొంత భాగం మారింది, కొంత మారలేదు.

అప్పటికే కట్టిన అండర్‌పాస్‌ను బాగుచేయడం చిన్న చిన్న పనులతో సాధ్యమైంది. లోపలి దీపాలు తీసేశారు. పైన రోడ్డు దీపాలకు వెలుగు కిందికి చిమ్మకుండా అడ్డు పెట్టి, నీలి కాంతి తక్కువున్న బల్బులు వేశారు. మనుషులకు కొంత దూరంలో వేరే దారి ఇచ్చారు. అది ఇవ్వకుండా ఇటువైపు కంచె వేస్తే కంచె వారం నిలవదని అందరికీ తెలుసు. లోపల ఒక గోడ వెంట నీటి మట్టానికి పైన పొడి అరుగు కట్టారు. రెండు నోళ్ల దాకా పొదలు పెరగనిచ్చారు. కాలనీ చెత్త పోగుపడే చోటును దూరంగా మార్చి, సేకరణ క్రమం తప్పకుండా చేశారు. ఇందులో దేన్ని ముందు చేయాలన్నది చర్చకు వచ్చినప్పుడు చెత్తను ముందు పెట్టాం. మిగతావన్నీ చేసి కుక్కలను అలాగే ఉంచితే, జంతువులను ఆకర్షించి కుక్కల నోట్లో పెట్టినట్టవుతుంది. చెత్త కదిలాక కుక్కల అచ్చులు పలచబడ్డాయి. ఆ తర్వాత పొడి అరుగు మీద చిన్న మాంసాహారి అచ్చులు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు కనిపించడం మొదలైంది. అవతలి వైపు కెమెరాల్లో పిల్లలతో తిరుగుతున్న ఆడజంతువు రావడం అన్నిటికన్నా విలువైన సాక్ష్యం. దాటడం వేరు, దాటి బతకడం వేరు.

చెట్ల పట్టీలో గడ్డినేలకు ఆనుకున్న భాగంలోని చెట్లను తొలగించడానికి అనుమతి రాలేదు. చెట్టు కొట్టడానికి ఏ అధికారీ తన పేరు రాయడానికి ఇష్టపడడు. కొత్తగా నాటడం మాత్రం ఆగింది.

ఈ కేసు నుంచి నేర్చుకున్నవి

ఆవాస నాణ్యత స్కోరు ఆ ప్రాంతంలో, ఆ పట్టికలతో, ఒక చోటును మరోదానితో పోల్చడానికి మాత్రమే పనికొస్తుంది. ఇంకో నగరం స్కోరుతో దాన్ని పోల్చడం అర్థంలేని పని. ఎవరైనా నివేదిక తెస్తే నేను ముందు అడిగేవి ఇవే: స్థిరాంకం అన్ని స్థితులకూ ఒకటేనా, సరిహద్దు ఎవరు గీశారు, యోగ్యత పట్టిక ఏ జీవి కోసం, దూరాలు ఎక్కడి నుంచి వచ్చాయి. నాలుగో ప్రశ్నకు ఎక్కువ సందర్భాల్లో వచ్చే జవాబు, వేరే ఖండంలో వేరే జంతువుల కోసం రాసిన వ్యాసం నుంచి తెచ్చుకున్నామని. దాన్ని ప్రారంభ బిందువుగా వాడటంలో తప్పు లేదు, అక్కడే ఆగితే తప్పు.

విస్తీర్ణం కన్నా ఆకారం ముఖ్యం. ఒక నగరం ఎన్ని హెక్టార్లు పెరిగిందన్నది అందరూ అడుగుతారు. ఆ పెరుగుదల ఎంత పొడవైన అంచును పుట్టించిందన్నది అడగరు. ప్రపంచంలో మిగిలిన అడవిలో 70 శాతం ఏదో ఒక అంచుకు కిలోమీటరు లోపలే ఉందని 2015లో ఒక విస్తృత అధ్యయనం లెక్కగట్టింది. అంచు దాటి లోపలికి వచ్చేవి శబ్దం, వెలుగు, కుక్కలు, చెత్త. వీటిలో చాలావాటిని భవనం కూల్చకుండానే తగ్గించవచ్చన్నది ఈ కేసులో నాకు ఊరట కలిగించిన విషయం.

కాలం గురించి ప్రణాళికా విభాగానికి అర్థమయ్యేలా చెప్పడం కష్టమైంది. ఆవాసం ముక్కలైన వెంటనే జంతువులు పోవు. 1994లో జీవావరణ శాస్త్రవేత్త డేవిడ్ టిల్మన్, ఆయన సహచరులు దీన్ని అంతరించే అప్పు అన్నారు. ఈ రోజు నాశనం చేసినదానికి జాతులు దశాబ్దాల తర్వాత చెల్లిస్తాయి. అందువల్ల రోడ్డు తెరిచిన మరుసటి ఏడాది సర్వేలో అన్నీ ఉన్నాయి కాబట్టి ప్రభావం లేదన్న వాదనను ఒప్పుకోవద్దని ఒప్పందంలోనే రాయించాం. గడ్డినేల పక్షులకు ఎదిగిన పక్షుల సంఖ్యతో పాటు గూళ్లలో పిల్లలు బతికి ఎగరడాన్ని కూడా కొలవాలన్న నిబంధన పెట్టించాం. దానికి ఖర్చు ఎక్కువని బేరాలు జరిగాయి. కొలిచే చోట్ల సంఖ్యను తగ్గించుకున్నాం గానీ ఆ కొలతను వదులుకోలేదు.

వాగు దిగువన, చిత్తడి నేలకు దగ్గరగా, మరో కల్వర్టు విషయం ఇంకా తేలలేదు. అక్కడ ఒక గట్టు ప్రైవేటు భూమి, రెండో గట్టు వేరే విభాగం చేతిలో ఉంది. కప్పల కోసం వాన కాలపు రాత్రుల్లో ఆ రోడ్డును మూసే ప్రతిపాదనను రవాణా విభాగం పరిశీలిస్తోంది. మూడు గంటలు మూయాలా, తెల్లవారేదాకా మూయాలా అన్న దగ్గర చర్చ ఆగింది. మా దగ్గరున్న శబ్ద రికార్డుల ప్రకారం పిలుపులు అర్ధరాత్రి తర్వాతే ఊపందుకుంటున్నాయి కాబట్టి, మూడు గంటలే దొరికితే అవి అర్ధరాత్రి నుంచి మొదలవ్వాలని రాసి పంపాం.